నోట్లో ఆగిన ఆపు

యార్డులో అతణ్ణి అందరూ ఆపారావు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది జీతం చీటీ మీద తప్ప మరెక్కడా చెల్లదు. క్రేను కింద నిలబడి, పైన కూర్చున్న మనిషికి "దించు, దించు, ఆపు" అని చెప్పడం అతని ఉద్యోగం. రోజు మొత్తం మీద అతను అనే దించులు కొల్లలు, ఆపులు కొన్ని. అయినా పేరు మాత్రం ఆపుల వల్లే వచ్చింది. పెట్టింది మేనేజరు. ఇనప గొట్టాల గిడ్డంగి నడిపేవాడికి ఇంత భాషాభిమానం ఎక్కణ్ణించి వచ్చిందో గానీ, కనబడ్డ ప్రతివాడికీ ఒక బిరుదు తగిలించేవాడు. బిరుదు తగిలినవాడు నవ్వాలి. నవ్వకపోతే ఇంకోటి తగులుతుంది.

క్రేను నడిపేది ఆపారావు బావే, సొంత అక్క మొగుడు. పొద్దున్నే ఇనప నిచ్చెనెక్కి ఆ అద్దాల గదిలో కూర్చున్నాడంటే మళ్ళీ భోజనానికే దిగుతాడు. అందుకని కూలీలు ఆయన్ని పైవాడంటారు. "మన చేతిలో ఏముంది, పైవాడు ఎత్తితే ఎత్తినట్టు, దించితే దించినట్టు" అని గొలుసులు బిగిస్తూ వేదాంతం చెప్పుకుంటారు. వాళ్ళలో పెద్దాయన్ని అందరూ గొలుసు మామ అంటారు. అసలు పైవాడికి అన్నీ కనిపిస్తాయంటారు. ఈ పైవాడికి గొట్టాల గుట్టల వెనక ఏం జరుగుతోందో బొత్తిగా కనిపించదు. బావకి కన్ను బావమరిది గొంతే. యార్డులో వాకీటాకీని సెట్టంటారు. ఆపారావు ఆ సెట్టుని కుడి చెంపకి అదిమిపెట్టి, బొత్తాం నొక్కి, కొక్కేనికి వేలాడే బరువుని మాటలతో నేలకి దింపుతాడు.

వాళ్ళ పనికి నియమం ఒకటే. సెట్టులో గొంతు పలుకుతున్నంతసేపూ బరువు దిగుతుంది. ఆపంటే ఆగుతుంది. సెట్టు మూగబోయినా ఆగుతుంది. నిశ్శబ్దం కూడా ఒక ఆపే.

ఆ రోజు మేనేజరు నేరుగా వచ్చి ఆపారావు వెనక నిలబడ్డాడు.

"ఏమయ్యా ఆపారావ్, మధ్యలో ఆ నడుమెత్తు ఆపు దేనికి? గొట్టాలకి నడుం నొప్పా?"

"దుంగలు సర్దుకోవాలండీ. కట్ట దిగేముందు గొలుసు మామ ఒకసారి చెయ్యి పెట్టి..."

"ముందే సర్ది పెట్టుకోమను మీ మామని. గేటు దాకా లారీలు తోక కట్టాయి. నువ్వు ఆపన్నప్పుడల్లా ఆ డ్రైవర్లు హారన్ కొట్టేది నీ చెవిలో కాదు, నా చెవిలో. ఇవాళ నీ నోట్లోంచి ఆ మాట రాకూడదు. నేలకి తగిలాక అను, అప్పుడు ఎవరికీ నష్టం లేదు."

"అలాగేనండీ."

అలాగే అన్న మాట సులువుగానే వచ్చింది. అది బయటికి వెళ్ళాక తలుపు వేసినట్టు పళ్ళు రెండు వరసలూ కలుసుకున్నాయి.

గొట్టాల కట్ట నేరుగా నేల మీద దిగితే కింది గొలుసుల్ని మళ్ళీ లాగడం ఎవరి తరమూ కాదు. అందుకే రెండు చెక్క దుంగలు అడ్డంగా పరిచి వాటి మీద దించుతారు. దుంగ కాస్త పక్కకి దొర్లిందంటే కట్ట ఒరుగుతుంది. అందుకని నడుమెత్తున ఒక ఆపు, గొలుసు మామ చేత్తో దుంగకి ఒక తోపు, తర్వాత మళ్ళీ దించు. ఆ ముగ్గురూ ఏళ్ళ తరబడి అలాగే దించుతున్నారు. పెళ్ళిలో వాయిద్యాల వాళ్ళలాగ ఒకరి ముఖం ఒకరు చూసుకోనక్కర్లేదు.

మేనేజరు కదల్లేదు. చేతులు కట్టుకుని, తన ఊపిరి ఆపారావు మెడకి తగిలేంత దగ్గర్లో నిలబడ్డాడు. మొదటి కట్ట ఆపు లేకుండా దిగింది. ఏమీ కాలేదు. రెండోదీ దిగింది. నడుమెత్తుకి రాగానే మాట నాలిక చివరికి వచ్చేది, పళ్ళు దాన్ని పట్టుకునేవి. వస్తున్న తుమ్ముని పట్టుకున్నట్టు కణతల్లో ఏదో గిర్రున తిరిగేది. గొలుసు మామ ఒకటి రెండుసార్లు ఇటు చూశాడు. ఏమిటీ ఇవాళ, అన్నట్టు.

ఆ తర్వాత కట్టకి దుంగ దొర్లింది. గొలుసు మామ వంగాడు. అరచెయ్యి దుంగ మీద పెట్టాడు. ఆపారావు ఆ చెయ్యి చూశాడు, దాని నీడ చూశాడు, ఆ నీడ మీదికి దిగుతున్న పెద్ద నీడనీ చూశాడు. సెట్టు చెంపకి నొక్కుకున్నాడు, బొత్తాం నొక్కాడు.

ఆపు, అన్నాడు.

అన్నానని అతనికి తెలుసు. ఆ మాట రుచి కూడా నోట్లో ఉంది. అయినా కట్ట ఆగలేదు.

గొలుసు మామ అరవలేదు. కట్ట కిందికి వెళ్ళిపోయిన తన చెయ్యి వైపు, అది ఎవరిదో అన్నట్టు చూసి, మెల్లిగా నేల మీద కూర్చున్నాడు.

జనం పరిగెత్తుకొచ్చి, కట్ట మళ్ళీ లేచి, మామని బండెక్కించాక, మేనేజరు ఆపారావు భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు ఆపన్నావు కదా?"

"అన్నానండీ."

"అదే మరి. పైవాడు ఆపలేదు."

*

పన్ను ఎగ్గొట్టినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు గానీ పన్నునొప్పి ఎగ్గొట్టినవాడు లేడు. ఆపారావుకి అది అంతకుముందు నుంచే సన్నగా ఉన్నా, ఆ రోజు తర్వాత విజృంభించింది. మొదట కుడివైపు కింది దవడలో. దాన్ని నాలికతో తడుముకుంటూ ఉండగానే పైదవడకి ఎక్కింది. అక్కణ్ణించి చెవిలోకి, చెవిలోంచి కణతలోకి. ఖాళీ ఇంట్లో ఎవరో దీపం పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతున్నట్టు, ఇప్పుడిక్కడ వెలుగు, కాసేపటికి అక్కడ. నిద్ర లేచేసరికి దవడ తాళం వేసినట్టుండేది. భార్య కలిపి పెట్టిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళు కలపబోతే, రెండింటి మధ్యా ఒక అరచెయ్యి ఉన్నట్టనిపించేది. ముద్ద అలాగే బుగ్గలో ఉంచుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు.

"పీకించుకొచ్చేస్తాను" అన్నాడు చివరికి.

"నేనూ వస్తాను" అంది భార్య. "మీరొక్కరే వెళ్తే నోట్లో ఉన్నవన్నీ పీకించుకొస్తారు."

పళ్ళ డాక్టరమ్మ చిన్న అద్దంతో నోరంతా గాలించింది. అద్దం కాడతో ఒక్కో పన్నునీ తలుపు తట్టినట్టు తట్టింది. ఫోటో తీయించి వెలుతురుకి పట్టుకుని చూసింది.

"ఏ పన్ను?"

"ఇదండీ. కాదు, దీని పక్కది. నిన్న పైదండీ."

"దేనికీ పుచ్చు లేదు. చిగుళ్ళూ బాగున్నాయి. ఈ పన్ను మీకంటే ఆరోగ్యంగా ఉంది."

"అయినా పీకెయ్యండి డాక్టరమ్మగారూ."

"తలనొప్పొస్తే తల తీయించుకుంటారా?"

"తల ఒక్కటే కదండీ. పళ్ళు చాలా ఉన్నాయి."

డాక్టరమ్మ నవ్వలేదు. "రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా?" అంది.

"లేదండీ" అన్నాడు ఆపారావు.

"కొరుకుతారండీ" అంది గోడవారగా కూర్చున్న భార్య.

"నేనా?"

"మొదట్లో ఎలకలనుకున్నానండీ. ఈ మేనేజరొచ్చిన కొత్తలో. వంటింట్లో బోను కూడా పెట్టాను. రొట్టెముక్క ఎండిపోయింది గానీ ఎలక పడలేదు. చివరికి చూస్తే చప్పుడు మా పక్కలోంచే. ముందు సన్నగా కరకరమంటుంది. తర్వాత టక్కుమని ఒకటి. మళ్ళీ కరకర. లేపితే, నేను కాదంటారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే పగలు కూడా నూరుతారని."

డాక్టరమ్మ అతని చేతికి అద్దం ఇచ్చి కోరపళ్ళు చూడమంది. మొనలు లేవు. రంపం పెట్టి కోసినట్టు పైదీ కిందిదీ చదునుగా ఉన్నాయి, ఒకదానికొకటి అతికేలాగ. ఇన్నాళ్ళూ తన ముఖంలో తిరుగుతున్న ఇంకో మనిషి పళ్ళేమో అనిపించి ఆపారావు అద్దం దించేశాడు.

"బెంగ పెట్టుకున్నవాళ్ళు కొందరు గోళ్ళు కొరుకుతారు, మీలాంటి వాళ్ళు పళ్ళు" అంది డాక్టరమ్మ, అతని చెంప మీద బొటనవేలు ఆనించి. "నిద్రలోనే కాదు, పగలు కూడా బిగిస్తారు. పనిలో ఉంటారు కనక మీకు తెలీదు. ఇదిగో, ఈ నమిలే కండకి విశ్రాంతి లేదు. ఇది అలిసిపోయి నొప్పెడుతుంది, ఆ నొప్పి పంటికీ చెవికీ పాకుతుంది. పైగా ఇంత బరువు పడితే పన్ను మాత్రం ఎంతకని మోస్తుంది? ఇప్పుడు కూడా బిగించే ఉన్నారు."

"లేదండీ."

"మీ దవడ నా వేలి కింద ఉందండీ."

పక్కవాళ్ళందరికీ వినిపించేది తనకి మాత్రం వినబడదా అని ఆపారావు ఆలోచిస్తున్నాడు.

"ఈమధ్య ఏమైనా జరిగిందా?"

"ఏం లేదండీ."

భార్య నేల వైపు చూసింది. డాక్టరమ్మ ఆమెని చూసి, ఇంక అడగలేదు. పళ్ళ అచ్చు తీసే చిన్న పళ్ళెంలో చల్లటి ముద్దేదో నింపి అతని నోట్లో పెట్టి, గట్టిపడేదాకా పట్టుకుంది. నోరంతా ముద్ద, కళ్ళంతా నీళ్ళు. బయటికి తీసిన ముద్దలో అతని పళ్ళు వరసగా గుంటలు పడి ఉన్నాయి.

"దీన్ని బట్టి రాత్రి పెట్టుకోవడానికి తొడుగు చేయిస్తాను. ఈలోగా ఒకటి గుర్తుపెట్టుకోండి. పెదాలు మూసుకోండి, పళ్ళు మూసుకోకండి. రెండు వరసల మధ్యా గాలాడాలి. తొడుగు పళ్ళని కాపాడుతుంది గానీ, బెంగని కాదు. అది మీ పని."

ఇంటికి వెళ్ళే దారిలోనే ఆస్పత్రి. గొలుసు మామ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద వేరేగా పడుకుని ఉంది. ఆ కట్టు, చెయ్యి పట్టేంత లేదు. బొటనవేలు ఒక్కటే మిగిలిందన్నారు.

"రా అబ్బాయ్" అన్నాడు మామ. "తప్పు నాదేలే. ముందు రెండు కట్టలకీ ఆపు లేదు, ఆ కట్టకైనా చూసుకోవాల్సింది. నువ్వు అంటావనే చెయ్యి పెట్టాను. అలవాటు. నువ్వన్నావటగా, పైవాడికి వినబడలేదట."

"అన్నాను మామా" అన్నాడు ఆపారావు. అంటుంటే పన్ను చురుక్కుమంది.

*

బావని పనిలోంచి పక్కన పెట్టి ఇంట్లో కూర్చోబెట్టారు. క్రేను నడిపే చేతులకి ఖాళీగా ఉండడం తెలియదు. కుర్చీలో కూర్చున్నా అరచేతులు తొడల మీద బోర్లించి, వేళ్ళతో లేని పిడుల్ని ముందుకీ వెనక్కీ నెడుతున్నాడు. ఆ సాయంత్రం ఆపారావూ భార్యా వెళ్ళేసరికి అక్క మొగుడికీ తమ్ముడికీ మధ్య నిలబడింది.

"నా తమ్ముడేమో అన్నానంటాడు. నా మొగుడేమో వినబడలేదంటాడు. మీలో ఎవరో ఒకళ్ళు అబద్ధమాడి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఒకణ్ణి తిట్టి రెండోవాడికి కాఫీ ఇచ్చేదాన్ని."

"ఇద్దరికీ ఇవ్వు, ఇద్దర్నీ తిట్టు" అన్నాడు బావ. "వాడు అనలేదని నేను అనడం లేదే. వాడి మాట మీద ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని దించాను. నాకు వినబడింది చెప్తున్నాను, అంతే."

"ఏం వినబడింది బావా?" అన్నాడు ఆపారావు. ఆ ప్రశ్న ఇన్నిరోజుల్లో అడగనే లేదని అడిగాకే తెలిసింది.

"సెట్టు మూగబోయుంటే వెంటనే ఆపేసేవాణ్ణి రా. మూగబోలేదు. ఏదో చప్పుడు. లైను బతికే ఉంది కదా, నువ్వు బొత్తాం నొక్కి పట్టుకునే ఉన్నావు కదా అని దించాను. గొంతు సరిగ్గా రావట్లేదు, సెట్టు పాడయిందనుకున్నాను. మేనేజరుకీ అదే చెప్పాను. సెట్లన్నీ కొత్తవి, నీ చెవులే పాతవి అన్నాడు. పెద్దాఫీసు నుంచి ఆఫీసరు వచ్చి రేపు పరీక్ష పెడతాడట. చప్పుడు వస్తే సరే. రాకపోతే నా లైసెన్సు తీసేస్తారు. ఇంకెక్కడా క్రేనెక్కలేను."

"ఎలాంటి చప్పుడు?"

బావ ఆలోచించాడు. "ఇసక మీద చెప్పు ఈడ్చినట్టు. కాదు." ఖాళీ కాఫీ కప్పులు రెండు తీసుకున్నాడు. ఒకదాన్ని బోర్లించి, రెండోదాని గరుకు అడుగుని దాని అడుగు మీద పెట్టి, చెవి దగ్గరగా పట్టుకుని మెల్లిగా తిప్పాడు. "ఇంకా సన్నగా. ఇదిగో, ఇలా." కరకరమంది. కప్పు అంచు జారి టక్కుమంది. "అదీ. సరిగ్గా అలాగే. తర్వాత మళ్ళీ మొదలయింది."

వంటింటి గుమ్మంలో మంచినీళ్ళు పట్టుకొస్తున్న ఆపారావు భార్య ఆగిపోయింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి పళ్ళెంలో సన్నగా మోగాయి. ఆమె కప్పుల వైపు చూడలేదు. సరాసరి మొగుడి దవడ వైపు చూసింది.

ఆపారావు ఆ చూపుని చూశాడు. తర్వాత బావ ఏం మాట్లాడాడో, అక్క ఏం తిట్టిందో అతనికి తెలియదు.

ఇంటికి నడిచి వెళ్తుంటే వీధిలో ఎవరిదో కుట్టుమిషను ఆడుతోంది. ఆపారావు గబగబా దాన్ని దాటాడు.

"నేను ఆపన్నాను" అన్నాడు ఆపారావు.

"అన్నాననే అనుకుంటున్నారు."

"ఆ మాట నోట్లో ఉంది."

"ఉంటుంది. బయటికి వస్తే లోపల ఎందుకుంటుంది?"

అతను ఆగాడు. ఆమె కూడా ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చెప్పమని నేను అనను" అంది. "చెప్పొద్దని కూడా అనను. చెప్తే మీ ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే అన్నయ్యగారిది పోతుంది. రేపు పరీక్షలో సెట్టు బాగానే మోగుతుంది, పాడయింది సెట్టు కాదు కనక. ఇంతే నాకు తెలిసింది."

*

పెద్దాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు పొట్టిగా, ఓపికగా ఉన్నాడు. యార్డులో యంత్రాలన్నీ ఆపించాడు. రోజూ మోతలో మునిగి ఉండే చోటు ఒక్కసారి నిశ్శబ్దం అయ్యేసరికి, ఎవరో చనిపోయిన ఇంటి ముందు నిలబడ్డట్టు కూలీలు హెల్మెట్లు తీసి చేత్తో పట్టుకున్నారు. ఆఫీసు గోడకున్న స్పీకరుని సెట్లతో కలిపారు, అందరికీ వినిపించేలాగ. బావ నిచ్చెనెక్కాడు. ఈసారి ఆయన్ని ఎవరూ పైవాడనలేదు.

అదే చోట, అదే గుట్ట వెనక, అలాంటిదే ఒక కట్ట. గొలుసు మామ చోటు మాత్రం ఖాళీ.

"మొదలుపెట్టండి" అన్నాడు ఆఫీసరు.

"దించు, దించు, దించు, ఆపు" అన్నాడు ఆపారావు. కట్ట ఆగింది.

"వినబడిందా?" అని ఆఫీసరు తన సెట్టులో అడిగాడు.

"గంట కొట్టినట్టుందండీ" అంది బావ గొంతు, స్పీకరులోంచి.

"ఏమైనా చప్పుడు?"

"లేదండీ."

మళ్ళీ చేయించాడు. సెట్టు మార్చి చేయించాడు. ఆ రోజు వాడిన సెట్టునే తెప్పించి, దూరంగా నిలబెట్టి, దగ్గరగా నిలబెట్టి చేయించాడు. ప్రతిసారీ గంట కొట్టినట్టే. అడిగిన ప్రతిసారీ బావ గొంతు ఒక మెట్టు దిగుతూ వచ్చింది. చివరిసారి "లేదండీ" అన్నది సరిగ్గా వినబడనే లేదు. మేనేజరు జేబులో చేతులు పెట్టుకుని ఆకాశాన్ని చూస్తున్నాడు.

"సరే. ఆయన్ని దిగమనండి" అన్నాడు ఆఫీసరు.

"ఒక్కసారి, సార్" అన్నాడు ఆపారావు.

ఆఫీసరు చూశాడు. ఆపారావు సెట్టుని కుడి చెంపకి అదిమాడు, ఆ రోజులాగ, ప్లాస్టిక్కు ఎముకకి తగిలేలాగ. బొత్తాం నొక్కాడు. పళ్ళు కలిపాడు. పక్కకి నెట్టాడు. స్పీకరులో ఉత్త గాలి. ఇంకా గట్టిగా నెట్టాడు. చిన్నగా టిక్కుమంది, అంతే. నిద్రలో పిలవకుండా వచ్చేది, మెలకువలో పిలిస్తే రావడం లేదు. కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మూతి వంకర్లు తిప్పుతూ, చెమటలు కక్కుతూ, కొత్త పళ్ళ సెట్టు కొనుక్కున్న ముసలాడిలాగ ఉన్నాడు మరి.

"ఏం చేస్తున్నావయ్యా?" మేనేజరు నడుచుకుంటూ వచ్చి అతని వెనక నిలబడ్డాడు. ఊపిరి మెడకి తగిలింది. గొంతు తగ్గించి, సెట్టుకి అందకుండా అన్నాడు: "నాటకాలాడకు ఆపారావ్. సారు టైము వేస్టు. బయట లారీలు లైను కట్టాయి."

ఆపారావు ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యలేదని అతను తర్వాత కూడా చెప్పాడు. చెయ్యి మాత్రం బొత్తాం మీద అలాగే ఉండిపోయింది.

స్పీకరులోంచి చప్పుడు వచ్చింది. సన్నగా, తీరిగ్గా, రాతి కింద ఎవరో ధాన్యం నూరుతున్నట్టు. టక్కుమంది. మళ్ళీ మొదలయింది. ఎక్కణ్ణించి వస్తోందా అని ఆపారావు కూడా అందరితోపాటు తల తిప్పి స్పీకరు వైపు చూశాడు. అది తన తలలోంచి బయల్దేరి, యార్డంతా తిరిగి, గోడ మీంచి మళ్ళీ తన చెవికి వస్తోందని అతనికి మెల్లిగా అర్థమయింది. భార్య రాత్రిళ్ళు పక్కన పడుకుని వినేది ఇదీ. ఇన్నాళ్ళూ ఇది వింటూ ఆమె ఒక్కతే మేలుకుని ఉంది.

"ఇదే" అంది బావ గొంతు. "సార్, ఇదే. ఈ చప్పుడే."

స్పీకరు మళ్ళీ పలికింది.

"ఏంట్రా అది?"

ఆపారావు దవడని విడదీయడానికి రెండో చెయ్యి సాయం తెచ్చుకోవలసి వచ్చింది.

"నా పళ్ళు బావా."

"పళ్ళా?"

"ఆపనలేదు బావా నేను. అన్నాననుకున్నాను. బొత్తాం నొక్కాను. మాట నోట్లోనే ఉండిపోయింది."

బావ గొంతు మళ్ళీ వచ్చేసరికి అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని ఆపారావుకి అనిపించింది.

"ఎందుకురా?"

మేనేజరు చెయ్యి సెట్టు కోసం ముందుకి వచ్చింది. "ఇటివ్వు. ఇది పరీక్షలో లేదు. ఇటివ్వవయ్యా."

"అనొద్దన్నారు బావా" అన్నాడు ఆపారావు, సెట్టు వదలకుండా. "నడుమెత్తు ఆపు వద్దన్నారు. వెనకాలే నిలబడ్డారు."

గుట్టల అవతల, రెండో క్రేను కింద ఆపారావులాగే దించు, ఆపు చెప్పే సిగ్నల్‌మ్యాన్ చేతిలో కూడా సెట్టుంది. అతను ఆ రోజు నుంచీ ఆపారావుతో మాట్లాడలేదు. ఇప్పుడు కూడా ఆపారావుతో కాదన్నట్టు, గాలికి చెప్పినట్టు, స్పీకరులో అతని గొంతు పలికింది.

"నాకూ అన్నారు."

ఆఫీసరు తన సెట్టుని చేతిలో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. "డ్రైవరు తప్పు లేదు. దిగి రమ్మనండి, రేపు పనిలోకి ఎక్కుతారు" అన్నాడు. ఆపారావు వైపు తిరిగాడు. "మీ సంగతి తర్వాత. మీరు పలకాల్సింది పలకలేదు, అది చిన్న విషయం కాదు." తర్వాత, అదే ఓపికతో, మేనేజరు పక్కకి నడిచి వచ్చి, భుజానికి భుజం ఆనేంత దగ్గర్లో నిలబడ్డాడు.

"నడుమెత్తున ఆపొద్దని చెప్పింది ఎవరు?"

మేనేజరు ముందుకే చూస్తున్నాడు. ఎవరికైనా సరే బిరుదు తడుముకోకుండా పెట్టే మనిషి దవడ బిగుసుకుంది.

"మేమేనా? పెద్దాఫీసు చెప్పిందా అలాగని?" అన్నాడు ఆఫీసరు మెత్తగా. "చెప్పండి. త్వరగా దించమన్నాం, అవును. ఆపొద్దన్నామా?"

అది ప్రశ్నలాగ లేదు. జవాబు ఎలా ఉండాలో అందులోనే ఉంది.

నిచ్చెన మెట్ల మీద బూట్ల చప్పుడు. బావ దిగుతున్నాడు. ఆ నిచ్చెన చాలా పొడుగు. దిగినంతసేపూ యార్డంతా ఆయన కోసమే నిలబడ్డట్టుంది. దిగి, తిన్నగా బావమరిది ముందుకి వచ్చాడు. కొడతాడని కూలీలు అనుకున్నారు. ఆపారావు కూడా అనుకున్నాడు, ఒక రకంగా ఆశపడ్డాడు కూడా. బావ చెయ్యెత్తి, గ్రీజు అంటిన బొటనవేలిని అతని చెవి కింద ఆనించాడు.

యంత్రాలు లేని ఆ నిశ్శబ్దంలో, చాలా దగ్గర్లోంచి, సన్నగా కరకర వినిపిస్తూనే ఉంది.

"ఇంక వదులు రా" అన్నాడు బావ. "అయిపోయింది కదా. ఇంకా నూరుతావేం?"

ఆపారావు నోరు తెరిచి చూపించాడు. పళ్ళ రెండు వరసల మధ్యా గాలాడుతోంది.

"నేను కాదు బావా" అన్నాడు.